చంద్రుడి మీద నడిచే సూటు: ఊపిరి కన్నా మోకాలు వంచడమే కష్టం

క్లుప్తంగా: చంద్రుడి మీద తిరిగే సూటు అనగానే ముందుగా గుర్తొచ్చేది ఆక్సిజన్. కానీ ఇంజనీర్లను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది అది కాదు. గాలి నింపిన సూటులో కీళ్లు వంచడం, ఒంటి వేడిని బయటికి పంపడం, దుమ్మును ఆపడం, ఈ మూడే అసలు చిక్కులు. పైగా ఒకదానికి మందు వేస్తే ఇంకోదానికి రోగం ముదురుతుంది. అపోలో సూట్లు మూడు రోజుల పనికి సరిపోయాయి. ఇప్పుడు అడుగుతున్నది ఆ సూటు కాదు.

పాత సూటే మళ్లీ కుట్టొచ్చు కదా

మనుషుల్ని మళ్లీ చంద్రుడి మీదికి పంపే నాసా కార్యక్రమం ఆర్టెమిస్ వార్త వచ్చినప్పుడల్లా నల్లగొండ టీ కొట్లలోనైనా, పాలమూరు కాలేజీ హాస్టళ్లలోనైనా వినిపించే మాట ఒకటే: "అప్పుడెప్పుడో పోయొచ్చిండ్రు కదా, ఇప్పుడు ఒక్క సూటుకు ఇన్నేండ్లెందుకు?" ప్రశ్న న్యాయమైనదే. 1969 జులై నుంచి 1972 డిసెంబరు దాకా 12 మంది చంద్రుడి మీద నడిచారు. సూటు మొరాయించి ప్రాణం మీదికి వచ్చిన సందర్భం ఒక్కటీ లేదు. అలాంటిది నాసా సొంతంగా కొత్త సూటు తయారుచేయబోయి, 2021 నాటికి 42 కోట్ల డాలర్లు ఖర్చయినా పూర్తి చేయలేకపోయిందని ఆ సంస్థ తనిఖీ విభాగమే నివేదిక ఇచ్చింది. 2022లో నాసా ఆ పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించింది.

పాత సూట్లు బీరువాలోంచి తీసి వాడే వీలు లేదు. వాటి లోపలి రబ్బరు పొరలు కొన్నాళ్ల వాడకానికి చేసినవి. ఇప్పుడవి మ్యూజియంలో గట్టిపడి, పెళుసై ఉన్నాయి. అదే నమూనాలో కొత్తవి కుట్టొచ్చు కదా అంటే, కుట్టొచ్చు. కానీ అవి ఏ పనికి కుట్టినవో ముందు చూడాలి. ఒక్కో సూటు ఒక్కో మనిషి ఒంటి కొలతకు చేసింది. అందరూ మగవాళ్లే. దిగింది చంద్రుడి నడిమి ప్రాంతాల్లో, అదీ అక్కడి పొద్దుటి పూట, ఎండ ముదరకముందు. అపోలో 11లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ బయట తిరిగింది రెండున్నర గంటలు. అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన అపోలో 17 జంట, సెర్నన్, ష్మిట్, మూడు రోజుల్లో మూడుసార్లు బయటికి వచ్చి మొత్తం 22 గంటలు గడిపారు. అంత తిరిగితే దుమ్ము సూట్లను ఏం చేస్తుందో తర్వాత చూద్దాం.

ఏ సూటు ఏ పనికి

పేపర్లలో వచ్చే ఫొటోల వల్ల గందరగోళం పెరుగుతోంది. 2025 జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు శుభాంశు శుక్లా వేసుకున్న తెలుపు, నలుపు సూటు నౌక లోపల కూర్చోవడానికి మాత్రమే. నౌకలో గాలి పోతే ప్రాణం నిలబెట్టడం దాని పని. వీపున పెట్టె ఉండదు, గొట్టాల ద్వారా నౌకే గాలి ఇస్తుంది. ఆర్టెమిస్ యాత్రికుల నారింజ రంగు సూటూ, గగన్‌యాన్ సూటూ ఈ కోవలోవే.

రెండో రకం అంతరిక్ష కేంద్రం బయట పని చేసే తెల్ల సూటు. చూడ్డానికి చంద్రుడి సూటులాగే ఉంటుంది, కానీ దానికి నడక రాదు. అక్కడ బరువే లేదు కాబట్టి చేతులతో కమ్మీలు పట్టుకుని జరుగుతారు. కాళ్లు దాదాపు అలంకారమే. నడుము కిందిభాగం బిర్రుగా ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. చంద్రుడి మీద ఆరో వంతు బరువుంటుంది. నడవాలి, వంగాలి, మోకాలి మీద కూర్చుని రాయి ఏరాలి, పడితే లేవాలి. కేంద్రం సూట్లతో వచ్చిన నలభై ఏళ్ల అనుభవంలో నడుము కిందిభాగానికి పనికొచ్చేది చాలా తక్కువ. ఆలస్యానికి ఇదీ ఒక కారణం.

ట్యూబు, టైరు, పైన తొడుగు

అపోలో సూటుకు 21 పొరలని చెబుతారు. లెక్క భయపెడుతుంది కానీ పనిని బట్టి చూస్తే అవి మూడు గుంపులు. సైకిల్ చక్రం విప్పినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లోపలిది రబ్బరు పూసిన సంచి, గాలిని పట్టి ఉంచే ట్యూబు. దాని మీది గట్టి బట్ట పొర టైరు. టైరు లేకుండా ట్యూబులో గాలి కొడితే ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ ఉబ్బి పగిలిపోతుంది. సూటులోనూ అంతే, గాలి తోపుడును తట్టుకునేది రెండో పొరే. మూడో గుంపు వేడి, చలి, సన్నటి ఉల్కాకణాల నుంచి కాపాడే పై తొడుగు. అల్యూమినియం పూత పూసిన మైలార్, కాప్టాన్ అనే ప్లాస్టిక్ రేకులు వరుసగా పేర్చి, మధ్యలో ఒకదానికొకటి అంటకుండా పల్చటి జాలీ గుడ్డ వేస్తారు. అన్నిటికన్నా పైన బీటా క్లాత్ అనే గాజునార బట్ట. 1967 జనవరిలో అపోలో 1 నేల మీదే అంటుకుని ముగ్గురు చనిపోయాక, నిప్పుకు కాలని బట్టే ఉండాలని దీన్ని తెచ్చారు.

వీటిని కుట్టింది అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఆడవాళ్ల లోదుస్తులు తయారుచేసే సంస్థకు చెందిన ఐఎల్‌సీ విభాగం. కుట్టు మిషన్ల మీద కూర్చున్నదీ ఆడవాళ్లే. కుట్టు అంగుళంలో 64వ వంతు, అంటే 0.4 మిల్లీమీటరు కూడా పక్కకు పోకూడదు. గుండుసూది ఒక్కటి లోపల ఉండిపోయినా రబ్బరుకు చిల్లే కాబట్టి సూట్లను ఎక్స్‌రే తీసి చూసేవారు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపే చోట నేతగాడి పనితనం తెలుస్తుంది. సూటులోనూ లీకేజీలు బట్ట నడుమ రావు. రబ్బరు లోహపు రింగును కలిసే చోట, చేతి తొడుగు మణికట్టుకు తగిలే చోట వస్తాయి.

వంచితే ఎదురు తిరిగే గాలి

గాలి నిండిన సైకిల్ ట్యూబు ముక్కను రెండు చివర్లా మూసి మధ్యలో వంచి చూడండి. వంపు దగ్గర మడత పడి లోపలి చోటు తగ్గుతుంది. తగ్గిన చోటులో గాలి ఇరుక్కుని తిరిగి తన్నుతుంది, వదలగానే ట్యూబు నిటారుగా లేస్తుంది. సూటు చెయ్యి కూడా ఈ ట్యూబు లాంటిదే.

ఎంత శ్రమ అనేది లెక్క కట్టొచ్చు. అంతరిక్ష కేంద్రం సూటులో 4.3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉంటుంది. బైకు టైరులో కొట్టించే దానిలో దాదాపు ఏడో వంతే. మోచెయ్యి వంచినప్పుడు లోపలి చోటు అర లీటరు తగ్గుతుందనుకుందాం. ఒక్కసారి వంచడానికి దాదాపు 15 జౌళ్ల పని, అంటే కిలోన్నర బరువును మీటరు ఎత్తు లేపినంత. ఒకసారికి ఏమీ కాదు. ఎనిమిది గంటల్లో కొన్ని వేలసార్లు చేస్తే కూలి పనే. 1965 మార్చి 18న మొట్టమొదటిసారి నౌక బయటికి వచ్చిన సోవియట్ వ్యోమగామి లియొనోవ్‌కు ఇదే ఎదురైంది. సూటు ఉబ్బి, వేళ్లు తొడుగుల్లోంచి వెనక్కి జారి, ద్వారంలో పట్టక, చివరికి తన సూటులో గాలి తనే తగ్గించుకుని లోపలికి దూరాడు. బయట ఉన్నది 12 నిమిషాలు.

మందు ఏమిటంటే, వంచినా లోపలి చోటు మారని కీలు. అపోలోలో హార్మోనియం తిత్తి లాంటి రబ్బరు ముడతలు పెట్టారు. ఒక పక్క ముడతలు మూసుకుంటే ఇంకో పక్క తెరుచుకుంటాయి, మొత్తం చోటు దాదాపు అంతే ఉంటుంది. తిత్తి పొడుగ్గా సాగిపోకుండా రెండు పక్కలా తీగలు బిగించారు. ఈ తీగలు చిన్న విషయం కాదు. మెడ దగ్గరి రింగు 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, అపోలో సూటు ఒత్తిడి అయిన 3.7 పీఎస్ఐ వద్ద కూడా హెల్మెట్‌ను పైకి తోసే బలం 180 కిలోల పైనే. కిందికి లాగి కట్టే తీగ లేకపోతే హెల్మెట్ పైకి లేచి, మనిషి సూటులో మునిగిపోతాడు.

కొత్త సూట్లలో దీనికి తోడు భుజం, నడుము, తుంటి దగ్గర బాల్ బేరింగులు వేస్తున్నారు. బట్టను వంచే బదులు కీలును తిప్పడం అన్నమాట. తుంటి దగ్గర కోణాలు మార్చి పెట్టిన బేరింగులు ఒకదాని మీద ఒకటి తిరిగితేనే అడుగు ముందుకు పడుతుంది. అపోలో వీడియోల్లో ఆ కుందేలు గంతులు కనిపిస్తాయి కదా, అందులో తక్కువ బరువు పాత్ర ఎంతో, తుంటి సరిగ్గా వంగకపోవడం పాత్రా అంతే.

చేతి తొడుగుల కష్టం ఇంకా తీరలేదు. ఒక్కో వేలికీ కీళ్లు కావాలి, ఒత్తిడి ఆపాలి, వేడి రాయి పట్టుకుంటే కాలకూడదు, అయినా వేలికి స్పర్శ తెలియాలి. అపోలో తొడుగుల మీద క్రోమెల్-ఆర్ అనే లోహపు నేత బట్ట, వేలి కొసల్లో సిలికోన్ రబ్బరు ఉండేవి. పనిముట్టు పట్టుకున్నంతసేపూ రబ్బరు బంతిని పిసికినట్టే. అపోలో 15లో డేవిడ్ స్కాట్ స్పర్శ బాగా తెలియాలని వేళ్లు కొసదాకా తగిలేలా సూటు చేతులు బిగించుకున్నాడు. దాని ఫలితంగా గోళ్ల కింద రక్తం గడ్డకట్టింది. గోళ్లు దెబ్బతినడం ఇప్పటికీ అంతరిక్ష నడకలో మామూలు ఫిర్యాదే.

ఎంత గాలి నింపాలి

గాలి తక్కువుంటే కీళ్లు సులువు. మరి ఎంత తగ్గించొచ్చు? నేల మీద గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, అందులో ఆక్సిజన్ వాటా ఐదో వంతు, దాదాపు 3.1. అంటే సూటులో అచ్చంగా ఆక్సిజనే నింపితే మూడున్నర, నాలుగు పీఎస్ఐ చాలు. అపోలో 3.7 దగ్గర ఆగింది అందుకే.

ఇక్కడ గోలీ సోడా చిక్కు వస్తుంది. గోలీ నొక్కగానే ఒత్తిడి పడిపోయి నీళ్లలో కరిగిన వాయువు బుడగలై పొంగుతుంది. మామూలు గాలి పీల్చిన మనిషి రక్తంలో నత్రజని కరిగి ఉంటుంది. ఒక్కసారిగా తక్కువ ఒత్తిడి సూటులోకి వెళితే అది కీళ్లలో, నరాల్లో బుడగలవుతుంది. అందుకే అంతరిక్ష కేంద్రంలో బయటికి వెళ్లే ముందు గంటల తరబడి ఆక్సిజన్ పీల్చి నత్రజనిని వదిలించుకుంటారు. అపోలో వాళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల నౌకలోనే 5 పీఎస్ఐ శుద్ధ ఆక్సిజన్. అయితే ఆక్సిజన్ గదికి నిప్పు భయం ఉంటుంది.

ఇప్పటి ఆలోచన మధ్యేమార్గం. నౌకలో 8.2 పీఎస్ఐ, అందులో 34 శాతం ఆక్సిజన్. సూటును ముందు ఎక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, తిరుగుతూ ఉండగానే మెల్లగా 4.3కు దించడం. నాసా డిజైన్ చేసిన ఎక్స్‌ఈఎంయూ సూటును 8.2 దాకా తట్టుకునేలా చేసింది ఇందుకే. బయల్దేరే ముందు ఆక్సిజన్ పీలుస్తూ కూర్చునే సమయం కలిసొస్తుంది. అయితే పైన వేసిన లెక్క మళ్లీ వేస్తే, 8.2 వద్ద అదే మోచెయ్యి వంపుకు 28 జౌళ్లు. ఇటు కలిసొచ్చింది అటు పోతుంది. కీళ్ల నాణ్యత రెట్టింపు కావాల్సిందే.

సూటులో రంజన్

బయట 120 డిగ్రీల ఎండ అంటే మనిషి మాడిపోతాడని అనుకుంటారు. నిజానికి పై తొడుగు ఆ వేడిని బాగానే ఆపుతుంది. ఇబ్బంది లోపలి వేడితో. గాలి లేని చోట రేకుల పొరల్లో చుట్టిన మనిషి అంటే థర్మాస్ ఫ్లాస్కులో పోసిన చాయ్ లాంటివాడు. వేడి ఎటూ పోదు. చంద్రుడి మీద పనిచేసే మనిషి ఒంట్లో గంటకు 200 నుంచి 300 కిలోకేలరీల వేడి పుడుతుంది. 1966 జూన్‌లో జెమిని 9 యాత్రలో సెర్నన్ సూటుకు గాలితో చల్లబరిచే ఏర్పాటే ఉంది. అది చాలక చెమటతో తడిసి, హెల్మెట్ అద్దం లోపల మంచు పట్టి దాదాపు ఏమీ కనబడని స్థితిలో వెనక్కి వచ్చాడు. ఆ తర్వాతే నీళ్ల బనియన్ ఖాయమైంది. ఒంటికి అతుక్కునే లోపలి దుస్తుల్లో సన్నటి గొట్టాలు, ఇప్పటి కేంద్రం సూటులోనైతే వాటి పొడవు 90 మీటర్లు. అందులో చల్లటి నీళ్లు తిరిగి ఒంటి వేడిని వీపు పెట్టెలోకి మోసుకెళతాయి.

అక్కడి నుంచి వేడిని బయటికి పంపే పద్ధతి మే నెలలో మన ఇంటి అరుగు మీది రంజన్‌దే. మట్టి రంధ్రాల్లోంచి నీళ్లు ఊరి, ఆవిరై, లోపలి నీళ్లను చల్లబరుస్తాయి. సూటులో మట్టికి బదులు సన్నటి రంధ్రాలున్న నికెల్ పలక. ఒక వైపు నీళ్లు, ఇంకో వైపు శూన్యం. శూన్యం తగలగానే రంధ్రాల్లో నీళ్లు గడ్డకడతాయి. బనియన్ నుంచి వచ్చిన వేడి ఆ మంచును తాకగానే అది కరగకుండానే ఆవిరై పోతుంది, ఖాళీలోకి కొత్త నీళ్లు వచ్చి మళ్లీ గడ్డకడతాయి. తిప్పే భాగం ఏదీ లేదు. మనిషి ఎక్కువ కష్టపడితే ఎక్కువ మంచు పోతుంది, తక్కువైతే తక్కువ. ఇంత పొందికైన యంత్రం సూటు మొత్తంలో ఇంకోటి లేదు.

ఖర్చయ్యేది నీళ్లు. గంటకు 250 కిలోకేలరీల చొప్పున ఎనిమిది గంటలకు 2,000. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 590 పోతాయి. మనిషికి మూడున్నర లీటర్ల దాకా కావాలి. తాగడానికి కాదు, శూన్యంలో పారబోయడానికి.

నీళ్లలో తేడా వస్తే ఏమవుతుందో నల్లగొండ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు పోసిన కూలర్ గడ్డి ఒక్క ఎండాకాలానికే తెల్లటి ఉప్పు పేరుకుని గట్టిపడుతుంది, గాలి ఆడదు, చల్లదనం పోతుంది. నికెల్ పలక రంధ్రాలూ అలాగే మూసుకుపోతాయి, కాబట్టి అత్యంత శుద్ధమైన నీళ్లే వాడాలి. 2013 జులై 16న అంతరిక్ష కేంద్రం బయట ఇటలీ వ్యోమగామి లూకా పార్మిటానో హెల్మెట్‌లోకి లీటరున్నర దాకా నీళ్లు చేరాయి. గాలి నుంచి నీటిని వేరుచేసే భాగంలోని చిన్న రంధ్రాలు సిలికా మలినంతో పూడుకుపోవడమే కారణం. బరువు లేని చోట నీళ్లు కిందికి జారవు, ముఖానికి అంటుకుని కళ్లు, ముక్కు కమ్ముకున్నాయి. దారి తడుముకుంటూ లోపలికి చేరాడు కాబట్టి బతికాడు. ఎక్స్‌ఈఎంయూ డిజైన్‌లో నికెల్ పలక తీసేసి, నీటి ఆవిరిని మాత్రమే బయటికి వదిలే సన్నటి బోలు దారాల కట్టను పెట్టారు. మలినాన్ని అది ఎక్కువగా తట్టుకుంటుంది.

వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఇంత లోతైనది కాదు. అపోలోలో లిథియం హైడ్రాక్సైడ్ డబ్బా పీల్చుకునేది, నిండితే పారేయడమే. కొత్త పద్ధతిలో రెండు గదులుంటాయి, ఒకటి పీలుస్తుంటే ఇంకోటి శూన్యంలోకి కక్కుతుంది, తర్వాత వంతు మారుతుంది. మార్చాల్సిన డబ్బా లేదు.

కంకర మిల్లు దుమ్ము

సూటు డిజైన్‌లో అందరికన్నా మొండి శత్రువు ఇదే, మిగతావాటికన్నా దీనికే ఎక్కువ చోటు ఇవ్వాలి. చంద్రుడి దుమ్మును ఇసుకతో పోలుస్తుంటారు, అది తప్పు. కృష్ణ ఒడ్డున ఇసుక రేణువు నీళ్లలో కొట్టుకొచ్చి కొట్టుకొచ్చి మొనలు అరిగి గుండ్రమై ఉంటుంది. చంద్రుడి మీద నీళ్లు లేవు, గాలి లేదు. ఉల్కలు గుద్దితే పగిలిన రాయి పగిలినట్టే, కరిగి గాజైన ముక్క గాజుముక్కలాగే పడి ఉంటుంది. సరైన పోలిక కావాలంటే గ్రానైట్ కంకర మిల్లు దగ్గరికి వెళ్లాలి. అప్పుడే పగిలి, కోసుకునే మొనలతో, మెత్తటి పిండిలా లేచే ఆ దుమ్ము దీనికి దగ్గరి చుట్టం. అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులను సిలికా ఏం చేస్తుందో తెలిసినవాళ్లకు, ష్మిట్‌కు నౌకలోకి రాగానే ముక్కు దిబ్బడ ఎందుకు పట్టిందో అర్థమవుతుంది. చంద్రుడి దుమ్ము సగటు రేణువు మన తల వెంట్రుక మందం ఉంటుంది, అందులో పదోవంతుకు పైగా 20 మైక్రాన్ల కన్నా చిన్నది. పైపెచ్చు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు విద్యుదావేశం ఎక్కి, దులిపినకొద్దీ అతుక్కుంటుంది.

అది చేసిన నష్టానికి అంకెలున్నాయి. అపోలో 12లో పీట్ కాన్రాడ్ సూటు మొదటిసారి బయటికి వెళ్లేముందు బాగా బిగువుగా ఉంది. వచ్చాక నిమిషానికి 0.15 పీఎస్ఐ చొప్పున లీకయింది. రెండోసారి తిరిగొచ్చాక 0.25. భద్రతా పరిమితి 0.30. మూడోసారి వెళ్లే పని ఆ యాత్రలో లేదు కాబట్టి సరిపోయింది. మణికట్టు రింగుల్లో దుమ్ము ఇరుక్కోవడం, జిప్పులు పట్టేయడం, హెల్మెట్ అద్దం గీతలు పడి మసకబారడం తర్వాతి యాత్రల్లోనూ తప్పలేదు. అపోలో 17లో సుత్తి తగిలి రోవర్ బండి మడ్‌గార్డు ముక్క ఊడిపోయింది. చక్రం లేపిన దుమ్మంతా మనుషుల మీద వానలా పడింది. చివరికి నాలుగు మ్యాపులు టేపుతో అతికించి, క్లిప్పులతో బిగించి మడ్‌గార్డు చేసుకున్నారు. టేపుతో నెట్టుకొచ్చిన ఆ పని, సూట్లనూ పరికరాలనూ దుమ్ము నుంచి కాపాడటానికే.

బేరింగుల సంగతి ఇక్కడ అడ్డం తిరుగుతుంది. కీలు సులువుగా తిరగాలంటే బేరింగు కావాలి, బేరింగు ఉన్నచోట తిరిగే సందు ఉంటుంది, సందు ఉన్నచోటికి దుమ్ము వస్తుంది. దుమ్ము రాకుండా రబ్బరు సీలు బిగిస్తే కీలు మళ్లీ బిగుసుకుంటుంది. ఒక సీలు కాకుండా వరుసగా రెండు మూడు పెట్టడం, కీళ్ల మీద బట్ట తొడుగులు వేయడం, జిప్పు పూర్తిగా తీసేయడం ఇప్పటి ఉపాయాలు. జిప్పు స్థానంలో వీపున తలుపు వచ్చింది. రష్యా ఓర్లాన్ సూటులో ఇది ఎప్పట్నుంచో ఉంది. వీపు పెట్టెను తలుపులా తెరిచి, కాళ్లు ముందు పెట్టి లోపలికి దూరతారు. ఆ తలుపును బండికి బయట తగిలించి, సూటును ఎప్పటికీ బయటే ఉంచి, మనిషి మాత్రం లోపలికి రావడం ఇంకో అడుగు ముందున్న ఆలోచన. దుమ్మును విద్యుత్ తరంగాలతో నెట్టేసే పలకలను 2025 మార్చిలో బ్లూ గోస్ట్ ల్యాండర్ చంద్రుడి మీదే పరీక్షించింది, గాజు మీద దుమ్ము జరిగింది. బట్ట మీద, అదీ వంగే బట్ట మీద, ఇదే పని చేయించడం ఇంకా కష్టం.

దక్షిణ ధ్రువం అంటే వేరే లోకం

ఇప్పుడు అందరి చూపూ చంద్రుడి దక్షిణ ధ్రువం వైపే. అక్కడి గుంతల్లో కొన్ని ఎన్నడూ ఎండ చూడనివి, మంచు ఉండొచ్చన్న ఆశ వాటి మీదే. అలాంటి చోట ఉష్ణోగ్రత మైనస్ 200 డిగ్రీలకు దిగువన ఉంటుంది. నాసాకు చంద్రుడి సూటు చేస్తున్న యాక్సియమ్ కంపెనీ తన సూటు అలాంటి నీడలో కనీసం రెండు గంటలు తట్టుకుంటుందని చెబుతోంది. మొత్తం నడక ఎనిమిది గంటలైనా, గుంతలో ఉండేది రెండే గంటలన్న తేడాను గమనించాలి. శూన్యంలో చలి ఒంటిని చుట్టుకోదు, ముఖ్యంగా తాకిన చోటు నుంచే వేడి పోతుంది. తాకేవి బూటు అడుగులు, తొడుగుల అరచేతులు.

ఈ విషయంలో చంద్రయాన్-3 ఇచ్చిన సమాచారం పనికొచ్చేది. 2023 ఆగస్టులో దిగిన విక్రమ్ మీది చాస్టే పరికరం మట్టిలోకి గుచ్చి చూస్తే, పైన 50 డిగ్రీల దాకా ఉన్న ఉష్ణోగ్రత 8 సెంటీమీటర్ల లోతులోనే మైనస్ 10కి పడిపోయింది. ఆ పొడి మట్టి వేడిని దాదాపు కదలనివ్వదు. కాబట్టి మట్టిలో నిలబడ్డ బూటు కన్నా, గట్టి రాయిని, లోహపు పనిముట్టును పట్టుకున్న చెయ్యే ముందు చల్లబడుతుంది.

వెలుగు ఇంకో ఇబ్బంది. ధ్రువం దగ్గర సూర్యుడు నెత్తి మీదికి రాడు, నేలకు ఆనినట్టే చుట్టూ తిరుగుతాడు. ఎటు తిరిగినా కంట్లో ఎండ, లేదా కిలోమీటర్ల పొడవు నీడ. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా నీడ నిలిచి ఉండటానికి, బయటి వెలుగు నాలుగు వైపుల నుంచి చెదిరి లోపలికి రావడం కారణమంటారు. చంద్రుడి మీద వెలుగును చెదరగొట్టే గాలే లేదు. ఆకాశం నలుపు, నీడ దాదాపు నలుపు. ముందున్నది గుంతో బండో తెలియదు. కొత్త సూట్ల హెల్మెట్లకు దీపాలు, కెమెరా పెట్టడం అందుకే.

దూరం లెక్క కూడా మారుతుంది. అపోలో 17 రోవర్ గరిష్ఠంగా ల్యాండర్‌కు 7.6 కిలోమీటర్ల దూరం వెళ్లింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బయల్దేరి పానగల్లు గుడి దాటి ఇంకా ముందుకు వెళ్లినంత. బండి ఇంకా పోగలదు, కానీ అది చెడిపోతే సూటులో మిగిలిన గాలి, నీళ్లతో నడిచి తిరిగి రాగలిగినంత దూరమే వెళ్లాలన్నది నియమం. అంటే హద్దు గీసేది ఇంజిన్ కాదు, తుంటి కీలు.

కొలతలు, కంపెనీలు

2019 మార్చిలో ఇద్దరు ఆడవాళ్లు కలిసి చేయాల్సిన అంతరిక్ష నడక అనుకున్నట్టు జరగలేదు. ఇద్దరికీ మీడియం సైజు ఛాతీ భాగమే సరిపోతుంది, వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. ఛాతీ గట్టి డొల్ల కాబట్టి బిగించడం, వదులు చేయడం కుదరదు. చివరికి అక్టోబరు 18న క్రిస్టినా కాక్, జెస్సికా మెయిర్ ఆడవాళ్లే ఇద్దరూ ఉన్న తొలి నడక చేశారు. భుజం బేరింగు మనిషి భుజానికి రెండు వేళ్లు అటూ ఇటూ అయినా చెయ్యి పైకి లేవదు. చంద్రుడి సూటులో ఇది తుంటికీ, మోకాలికీ వర్తిస్తుంది. అందరికీ సరిపోయేలా ముక్కలు మార్చుకునే సూటు అంటే కలిపే రింగులు ఎక్కువ, రింగులు ఎక్కువైతే లీకయ్యే చోట్లూ ఎక్కువే.

2022 జూన్‌లో నాసా యాక్సియమ్ స్పేస్, కాలిన్స్ ఏరోస్పేస్ కంపెనీలను ఎంపిక చేసింది. 2034 వరకు 350 కోట్ల డాలర్ల పరిమితి. సూటు కంపెనీదే, నాసా దాన్ని వాడుకున్నందుకు చెల్లిస్తుంది. చంద్రుడి సూటు పని 22.85 కోట్ల డాలర్లకు యాక్సియమ్‌కు దక్కింది. 2024లో కాలిన్స్ తప్పుకుంది. దీంతో పోటీ పోయి, ఒకే కంపెనీ గడువు మీద మొత్తం కార్యక్రమం ఆధారపడే పరిస్థితి వచ్చింది. ఫ్యాషన్ సంస్థ ప్రాడా పేరుతో 2024 అక్టోబరులో వచ్చిన ఫొటోలకు ప్రచారం ఎక్కువైంది కానీ, ప్రాడా చెయ్యి పడింది పై తొడుగు బట్ట మీద, కుట్టు మీద. కీళ్లు, వీపు పెట్టె యాక్సియమ్ పనే. అంతకు ముందు నెలలోనే చైనా తన చంద్రుడి సూటును చోంగ్‌చింగ్‌లో చూపించింది. ఎర్ర చారల తెల్ల సూటు, పేరు వాంగ్‌యూ. 2030లోపు మనిషిని దించాలన్నది వాళ్ల లక్ష్యం. భారత్ పెట్టుకున్న గడువు 2040. సూటు విషయంలో ఆ వ్యవధి మరీ ఎక్కువేమీ కాదు, బేరింగు సీళ్లు, తొడుగులు, నీటి ఆవిరి దారాల కట్టలు బయట కొనుక్కోవడానికి సులువుగా దొరికే సరుకు కావు.

నేల మీద పరీక్షించలేనిది

సూటును ముక్కలు ముక్కలుగా పరీక్షించడం తెలుసు. పెద్ద నీళ్ల కొలనులో బరువులు కట్టి ఆరో వంతు బరువు తెప్పిస్తారు, అయితే నీళ్లు కదలికకు అడ్డుపడతాయి. క్రేన్‌కు వేలాడదీసి నడిపిస్తారు, అయితే తాడు మనిషిని నిలబెడుతుంది, పడటం ఎలా ఉంటుందో తెలియదు. శూన్యపు గదిలో పెట్టి వేడి, చలి చూస్తారు, అక్కడ నడిచే చోటు ఉండదు. దుమ్ముకు నకిలీ మట్టి చేస్తారు, చంద్రయాన్ పరీక్షలకు తమిళనాడులోని సిత్తంపూండి రాతిని పొడిచేసి వాడినట్టు. ఇవన్నీ ఒకేచోట, ఒకేసారి, వారం రోజులు కలిసొచ్చే చోటు భూమ్మీద లేదు.

కాబట్టి మళ్లీ మనుషులు దిగినప్పుడు టీవీలో చూడాల్సింది మొదటి అడుగు కాదు. అపోలో 12లో ఒక్క నడకకు 0.15, రెండో నడకకు 0.25కు చేరిన ఆ లీకేజీ అంకె, కొత్త సూటులో నాలుగో నడక తర్వాత ఎంత ఉందన్నది.